వినపడలేదు సార్

తరగతి గది మా తొమ్మిదో తరగతిదే గానీ గోడలు లేవు, బెంచీల కింద మడమల దాకా నీళ్ళు పారుతున్నాయి, నల్లబల్ల దగ్గర ఇంగ్లీషు కోటిలింగం సార్ చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నారు, ఆయన వేసవి సెలవుల్లో గుండెపోటుతో పోయారని నాకు తెలుసు, అయినా "గుడ్ మార్నింగ్ సార్" అంటున్నాను.

"కూర్చో యశోదా," అంటారు. చూస్తే ఇప్పుడు బెంచీలు లేవు, ఆయన కుర్చీ ఒక్కటే ఉంది, అందులోనే కూర్చుంటాను.

"ఆ రోజు ఇఫ్ వాక్యం అడిగారు గుర్తుందా సార్? జరగని దాన్ని జరిగి ఉంటే అని చెప్పేది. నేను సరిగ్గానే చెప్పాను."

"నువ్వు నోరు తెరిచిందెప్పుడే? పెదాలు కదిలిస్తే జవాబైపోద్దా?"

"చెప్పాను సార్. పక్కనున్న జ్యోత్స్న నా మాటే విని గట్టిగా చెప్పింది. మీరు దాన్ని మెచ్చుకుని, చెప్పినవాళ్ళు చెప్పలేనివాళ్ళని కొట్టడం మన బళ్ళో అలవాటేగా, నా ముక్కు పట్టుకుని చెంప మీద కొట్టమన్నారు. అది మెల్లగా కొడితే 'అట్టాగాదు, వాచేట్టు కొట్టు' అన్నారు."

నీళ్ళు మోకాళ్ళ దాకా వస్తున్నాయి, నల్లబల్ల బస్సు వెనకద్దంలా మారిపోతోంది, అందులోంచి క్లాసంతా మమ్మల్నే చూస్తోంది.

"చిన్నపిల్లలకి అట్టాంటివి మర్నాటికి గుర్తుండవమ్మా," ఆయన నవ్వబోతారు.

"నాకుంటాయి. ఇప్పుడు మీరు చెప్పండి. అదే వాక్యం."

మైకులా మోగే ఆ గొంతు సన్నబడిపోయి ఉంది. "ఆ రోజు నీ మాట నాకు వినపడి ఉంటే, నిన్ను కొట్టించి ఉండేవాణ్ణి కాదు," అని ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో ఒక్క తప్పు లేకుండా చెబుతారు. ప్రతి మాటా నాకు స్పష్టంగా వినపడుతుంది.

"వినపడలేదు సార్," అంటాను.

మళ్ళీ చెబుతారు, ఇంకా చిన్నగా.

"వినపడలేదు."

మూడోసారి పెదాలు మాత్రమే కదులుతాయి. జాలి వేస్తుందేమోనని ఆగి చూస్తాను, వేయదు. లేచి ఎడమచేత్తో ఆయన ముక్కు పట్టుకుంటాను, చల్లగా ఉంది, ఆయన అలవాటైన పిల్లాడిలా కళ్ళు మూసుకుంటారు, ఏడాదిగా దాచుకున్న బలమంతా పెట్టి కొడతాను.

ఆ చప్పుడుకే మెలకువ వచ్చింది. తెల్లారింది. పక్కలో చెల్లి లేచి కూర్చుని, ఏడవడం కూడా మరచిపోయి నన్నే చూస్తోంది.

"నేనేం చేశానే అక్కా?"

దాని చెంప మీద నా నాలుగు వేళ్ళూ ఎర్రగా తేలుతున్నాయి.