కోడి చిల్లర

ఇరవై రెండేళ్ళుగా బస్సులో టికెట్లు కొడుతున్నాను. నాకు తెలిసి ప్రపంచంలో మనుషులు రెండే రకాలు: చిల్లర ఉండీ ఇవ్వనివాళ్ళు, చిల్లర లేక అరిచేవాళ్ళు. నేను రెండో రకం. అరిచి అరిచి నా గొంతు రంపంలా తయారైంది. ఇంట్లో మాత్రం దాన్ని వాడే అవకాశం తక్కువ. అక్కడ కండక్టరు మా ఆవిడ.

మా ఆవిడ ఆసుపత్రిలో కత్తెరలూ సూదులూ ఆవిరిలో ఉడికించి శుభ్రం చేసే గదిలో పనిచేస్తుంది. ఆ అలవాటు ఇంటిదాకా వచ్చింది. మా ఇంట్లో చెంచాలు ఉడుకుతాయి, దువ్వెనలు ఉడుకుతాయి. ఒకసారి నా ఈల కూడా ఉడికింది. అప్పటినుంచి అది జలుబు చేసినట్టు మోగుతోంది. డ్రైవరు ఇప్పటికీ నవ్వుతాడు.

అలాంటి ఇంట్లోకి మా అక్క కుక్కలు రెండు వచ్చిపడ్డాయి. అక్క తన కూతురి దగ్గరికి మారిపోయింది, ఆ ఇంటివాళ్ళు కుక్కలను ఒప్పుకోరు. రెండూ జానెడు ఎత్తువే. నల్లది గుండీ, గోధుమరంగుది బఠాణీ. పుట్టినప్పటినుంచీ ఒకదాని మీద ఒకటి తల పెట్టుకునే నిద్రపోతాయి. "ఆ రెంటినీ విడదీయకురా తమ్ముడూ, నేనడిగేది అంతే" అని అక్క కళ్ళు తుడుచుకుంటే, నేను ఛాతీ విరుచుకుని మాటిచ్చేశాను. ఇల్లు చేరేసరికి ఆ ఛాతీ దానంతటదే లోపలికి పోయింది.

అక్క వాటికి పొట్లాల తిండి అలవాటు చేసింది. మొదటి పొట్లం ధర చూసి మా ఆవిడ కళ్ళజోడు సవరించుకుని మళ్ళీ చూసింది.

"మనిద్దరి తిండి కంటే ఎక్కువండీ ఇది. వీటికేమైనా ఉద్యోగాలున్నాయా?"

"కాస్త ఓపిక పట్టు."

"నెలాఖరుదాకా పడతాను. అప్పటికి మన తాహతులోకి రాకపోతే గుండీని సెలూన్ ఆయనకీ, బఠాణీని మందుల షాపావిడకీ ఇచ్చేద్దాం. ఇద్దరూ అడిగారు."

"రెండూ ఒకరే తీసుకోరా?"

"ఒకరే తీసుకున్నారుగా, మీరు! ఎలా ఉందో తెలియడంలా?"

విడదీయనని మాటిచ్చానే! అక్కకు ఏం చెప్పుకోను?

మర్నాడు పొద్దున తొలి ట్రిప్పుకు నా తోలుసంచిలో ఒక్క నాణెం లేదు. డిపో పక్కన కొత్తగా కోడిమాంసం కొట్టు తెరిచారు. పరుగున వెళ్ళి ఓ నోటు చాపాను.

"బాబాయ్, చిల్లరుందా?"

"ఉంది. ఎంత కావాలి?"

"దీనికి ఎంతొస్తే అంత."

"ముక్కలు చెయ్యనా, అలాగే ఇచ్చెయ్యనా?"

ఇదేం ప్రశ్న అనుకునేలోపే డ్రైవరు హారన్ మోగించాడు. "అలాగే ఇచ్చెయ్యి బాబాయ్" అన్నాను. బరువైన నల్ల కవరొకటి చేతిలో పడింది. ఇంత చిల్లరా అని పొంగిపోయి, కవరును కవరులాగే తోలుసంచిలో కుక్కి బస్సెక్కాను.

రెండో సీట్లో పెద్దాయన పెద్ద నోటిచ్చాడు. అరవడానికి అలవాటుపడ్డ నోరు ఆ రోజు చిరునవ్వు నవ్వింది. దర్జాగా కవర్లో చెయ్యి పెట్టాను. చల్లగా, జిగటగా ఏదో తగిలింది. బయటికి లాగితే కోడి మెడ.

పెద్దాయన మెడవైపు చూశాడు, నావైపు చూశాడు. "చిల్లర లేకపోతే లేదని చెప్పొచ్చుగా కండక్టరూ" అన్నాడు. బస్సు బస్సంతా గొల్లున నవ్వింది.

ట్రిప్పు అవగానే కొట్టు మీదికి యుద్ధానికి వెళ్ళాను. కొట్టాయన కత్తి తుడుచుకుంటూ తాపీగా అన్నాడు:

"మా కొట్లో చిల్లరంటే ఇదేనండీ. మెడలు, వీపులు, రెక్కల కొసలు. కండంతా అమ్ముడుపోయాక మిగిలేది. మీ ఇంట్లో కుక్కలు లేవా?"

"ఉన్నాయి. నీకెలా తెలుసు?"

"చిల్లర అడిగేవాళ్ళందరికీ కుక్కలుంటాయి."

యుద్ధం అక్కడే ఆగిపోయింది. నేనిచ్చినది చిన్న నోటు. కవర్లో ఉన్నది రెండు పొట్టి కుక్కలకు నాలుగు రోజుల తిండి. నా కళ్ళు మెరిసే ఉంటాయి, ఎందుకంటే కొట్టాయన ఇంకో వీపు ముక్క ఊరికే వేశాడు.

ఆ సాయంత్రపు ట్రిప్పులో రోజూ ఎక్కే పశువుల డాక్టరమ్మను పట్టుకున్నాను. ఆవిడ ముందు పెదవి విరిచింది.

"పచ్చిదాంట్లో క్రిములుంటాయి, కాబట్టి పెట్టమని నేను చెప్పను. పెట్టే తీరతానంటే మాత్రం వినండి. ఉడికించిన ఎముక ఎప్పుడూ వద్దు. అది పుల్లలా విరిగి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది. పచ్చిదైతే మెత్తగా నలుగుతుంది. పొట్టి కుక్కలు గుటుక్కున మింగకుండా ఒక కొస మీరు పట్టుకోండి. తిన్నంతసేపూ పక్కనే ఉండండి. ఎముకొక్కటే చాలదు, కండా కాస్త కార్జమూ కావాలి. చేతులు శుభ్రంగా కడుక్కోండి."

"ఆ చివరిదానికి దిగులుపడకండి. మా ఇంట్లో కడగని చెయ్యి లేదు" అన్నాను.

ఇంటికెళ్ళి "పచ్చిదే పెట్టాలట, డాక్టరమ్మ చెప్పింది" అని ప్రకటించి, పెరట్లో గచ్చు మీద కూర్చున్నాను. కుడిచేతిలో ఒక మెడ, ఎడమచేతిలో ఒక మెడ. అటు గుండీ, ఇటు బఠాణీ. కటకటమని నములుతుంటే నా మోచేతుల దాకా అదురు వచ్చింది. పొట్లం తిండిని వాసన చూసి మొహం తిప్పుకునే బఠాణీ, ఆ రోజు నా బొటనవేలు కూడా నాకింది. మా ఆవిడ గుమ్మంలో ముక్కు మూసుకుని నిలబడి చూసి, మేం లేచాక గచ్చు మీద మూడు బిందెల వేణ్ణీళ్ళు కుమ్మరించింది. ఒక్క మాట అనలేదు. తిడితే అర్థమవుతుంది గానీ, మా ఆవిడ ఊరుకుంటే నాకు భయం.

అలా మూడు వారాలు గడిచాయి. ఖర్చు మా తాహతులోకి వచ్చింది, కుక్కల బొచ్చు నిగనిగలాడింది. అయినా ఆవిడ నోటినుంచి 'ఉండనిద్దాం' అన్న మాట రాలేదు. నేనడగలేదు. అడిగితే వద్దంటుందేమోనని పిరికితనం.

నెలాఖరు రోజు మధ్యాహ్నానికే డ్యూటీ దిగాను. గుమ్మంలోనే కోడి ఉడుకుతున్న వాసన కొట్టింది. వంటింట్లో ఆవిర్లు. మా ఆవిడ రెండు పళ్ళాల్లో తెల్లగా ఉడికిన రెక్కలూ మెడలూ సర్ది కింద పెట్టబోతోంది. ముందు రెండు తోకలు ఆడుతున్నాయి.

"ఆపు!" అని అరిచాను. బస్సులో అరిచే అరుపది. కుక్కలు బల్ల కిందికి దూరాయి. నేను పళ్ళాలు లాక్కుని, వేళ్ళు కాలుతున్నా బల్లమీదికి విసిరేశాను.

"మతిపోయిందా మీకు? బఠాణీ పొద్దుట్నుంచి దగ్గుతోంది. పచ్చిది పడట్లేదేమోనని సెలవు పెట్టి మరీ వండాను!"

"ఉడికించకూడదే! పుల్లలా విరిగి లోపల గుచ్చుకుంటుందని డాక్టరమ్మ..."

"ఆ మాట నాకెవరు చెప్పారు? పచ్చిదే పెట్టాలన్నారు. ఎందుకో చెప్పారా?"

చెప్పలేదు. సగమిచ్చి, మిగతాది టికెట్ వెనక రాసి మరిచిపోవడం నా వృత్తిదోషం. ఆ రోజు తొలిసారిగా దాన్ని తలుచుకుని సిగ్గుపడ్డాను.

బల్లమీది రెక్క ఎముకొకటి తీసి ఫట్‌మని విరిచి ఆమెకిచ్చాను. ఆవిడ విరిగిన కొసమీద వేలు పెట్టి చూసుకుంది. రోజంతా సూదుల మధ్య ఉండే మనిషి, మొనంటే ఏమిటో నేను చెప్పనక్కర్లేదు.

"ఎంత పని చేసేదాన్నండీ" అంటూ నేలమీద కూలబడి, బల్ల కిందినుంచి బఠాణీని లాక్కుని ఒళ్ళో పెట్టుకుంది. అది ఆవిడ గడ్డం నాకింది. ఆవిడ తుడుచుకోలేదు.

నేను గొంతు సవరించుకున్నాను. "సెలూన్ ఆయన రేపొస్తాడుగా?"

"రాడు. మందుల షాపావిడా రాదు. పోయిన వారమే చెప్పేశాను, మావి మేం ఎవరికీ ఇవ్వమని."

"నాకు చెప్పలేదేం?"

"మీరడిగారా?"

మూడు వారాలుగా నేను మింగిన భయమంతా ఆ ఒక్క మాటతో కరిగిపోయింది. సంతోషం పట్టలేక నవ్వేశాను. ఆవిడ కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. డాక్టరమ్మకు ఫోన్ చేశాను. దగ్గు సంగతి విని, ఊపిరి ఎలా తీస్తోంది, నీళ్ళు తాగుతోందా అని ఆరా తీసి, గడ్డిపరక గొంతులో గీరుకుని ఉంటుంది, సాయంత్రం తీసుకొచ్చి చూపించమంది. అప్పటిదాకా బఠాణీకి ఏమీ పెట్టొద్దంది.

సాయంత్రం డాక్టరమ్మ గొంతు చూసి, ఏమీ లేదు తిననివ్వండంది. ఇంటికి రాగానే ఫ్రిజ్ అడుగున మూతపెట్టి ఉంచిన పచ్చి మెడలు రెండు తీశాను. ఎప్పటిలాగే రెండు చేతుల్లోనూ పట్టుకుని గచ్చు మీద కూర్చోబోతుంటే, మా ఆవిడ చేతి తొడుగులు వేసుకుని వచ్చి నా పక్కన చతికిలబడింది. నా ఎడమచేతిలో మెడను లాక్కుంది.

"మీరు గుండీని చూసుకోండి" అంది. "బఠాణీ నాది."