అమ్మ జ్ఞానస్నానం ఇచ్చిన నాస్తికుడు

అమ్మ పోయిన మర్నాడే ఆమె మీద హక్కు కోసం రెండు వర్గాలు బరిలోకి దిగాయి. ఒక పక్క చర్చి విచారణ గురువైన ఫాదర్, ఆయన వెనక మరియమాత సంఘం ఆడవాళ్ళు. ఇంకో పక్క మాజీ సైనికుల సంఘం అధ్యక్షుడు, ఆయన ఛాతీ నిండా పతకాలు. శవపేటిక మీద తెల్లగుడ్డ కప్పాలా, జెండా కప్పాలా అన్నది తగువు. బతికుండగా ఆవిడకి జ్వరం వస్తే దుప్పటి కప్పడానికి ఈ రెండు వర్గాల్లోంచీ ఒక్కరూ వచ్చిన పాపాన పోలేదు.

కూతురు గుడి వెనక గదిలో కూర్చుని ఈ రభస చూస్తోంది. పళ్ళ డాక్టరు కాబట్టి, తెరిచిన నోరు మూయనివాళ్ళు ఆమెకి అలవాటే.

"ఆవిడ ముందు దేవుడి బిడ్డ, ఆ తర్వాతే సైన్యం," అన్నారు ఫాదర్.

"యుద్ధంలో ముందు వరసన నిలబడ్డ నర్సండీ! ఆ తూటాల వాన గురించి మీకేం తెలుసు?" అన్నాడు అధ్యక్షుడు.

ఆ వాన ఆయనకీ తెలీదు. యుద్ధం నడిచినన్నాళ్ళూ ఆయన ఎక్కడో వెనకపట్టున బూట్ల గోదాముకి కాపలా.

కూతురి అన్నయ్య బీమా కంపెనీలో పెద్ద ఉద్యోగి. ఎవరినీ నొప్పించకుండా, ఎవరికీ ఏమీ ఇవ్వకుండా పంపించడంలో ఆరితేరినవాడు. గుళ్ళో తెల్లగుడ్డ, గుమ్మం దాటాక జెండా అని తేల్చేశాడు. ఇరుపక్షాలూ తామే గెలిచామనుకుని వెళ్ళాయి. అప్పుడు చెల్లెలి వైపు తిరిగాడు.

"పూజ చివర నాలుగు మాటలు నువ్వే చెప్పాలి. అమ్మ శాంతం గురించి మాట్లాడు."

"ఎవరి అమ్మ?"

"ఇవాళైనా కాస్త మర్యాదగా ఉండవే!"

శాంతం! ఆవిడ సాయంత్రాలు జపమాల చెప్పించే తీరు కంటే కవాతు నయం. మోకాళ్ళ మీద నడుం కాస్త వంగితే చాలు, వెనక నుంచి వేలితో ఒక్క పోటు. గుళ్ళో ప్రసంగం సాగితే ముందు బెంచీలో కూర్చుని చేతి గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసేది. పాపం ఫాదర్ తడబడి, నరకం మీద చెప్పదలుచుకున్నదంతా మింగేసి ఏకంగా మోక్షానికి వచ్చేసేవారు. "ఆదివారం గుడి ఎగ్గొడితే ఆ పూట భోజనం కూడా ఎగ్గొట్టినట్టే," అని నాన్నకి పెళ్ళికి ముందే చెప్పిందట. నాన్న పోయేదాకా పరమ భక్తుడిగానే ఉన్నాడు, కాస్త బొద్దుగా కూడా ఉన్నాడు.

యుద్ధం ఊసు మాత్రం ఎత్తేది కాదు. పిల్లలు అడిగితే, "బురద. ఒకటే బురద," అని, కాళ్ళు కడుక్కు రమ్మనేది. ఏడాదికోసారి మాత్రం టెలిఫోన్ ఉన్న గదిలోకి వెళ్ళి, తలుపేసుకుని ఎవరినో దులిపేసేది. "మొండిఘటం! వచ్చే ఏడు మళ్ళీ అడుగుతా!" అన్న మాటలు బయటికి వినపడేవి. అవతల ఎవరని నాన్నని అడిగితే, "నేను కాదుగా, ఊరుకోండి," అనేవాడు.

పూజలో ఫాదర్ అమ్మని గొర్రెపిల్లతో పోల్చారు. అధ్యక్షుడు లేచి ఆడసింహంతో పోల్చాడు. పేటికలో మనిషి ఉందన్న సంగతి ఇద్దరికీ గుర్తున్నట్టు లేదు. కూతురు ముందుకొచ్చి కాగితం విప్పింది.

"మా అమ్మ చాలా శాంత..."

వెనక వరసలో ఎవరో ఫక్కున నవ్వారు.

అందరి తలలూ వెనక్కి తిరిగాయి. చేతికర్ర ఆనించుకుని ఒక ముసలాయన లేచి నిలబడ్డాడు.

"క్షమించమ్మా. ఆ మాట వినేసరికి ఆపుకోలేకపోయా. ఆవిడ చెప్పాపెట్టకుండా నా నెత్తిన నీళ్ళు కుమ్మరించిన మనిషి."

అన్నయ్య ముఖం పాలిపోయింది. ఇలా మొదలయ్యే మాటలు నష్టపరిహారం దగ్గర తేలతాయని అతని అనుభవం. కూతురు మాత్రం కాగితం మడిచేసింది. "చెప్పండి," అంది.

"యుద్ధంలో, కడుపులో ఇనప ముక్కతో ఆసుపత్రి టెంట్లో పడున్నా. డాక్టరు చూసి, వీణ్ణి పోయేవాళ్ళ వరసలో పెట్టండన్నాడు. ఆ వరస మీ అమ్మది. స్పృహ లేనివాళ్ళందరికీ వరసపెట్టి జ్ఞానస్నానం ఇచ్చేస్తోంది. నీ మతమేంటి, నీకిష్టమేనా, ఆ అడగడాలేం లేవు. చెవిలోకి నీళ్ళు పోయి నాకు మెలకువొచ్చింది. నోటికొచ్చినట్టు తిట్టా. 'ఇప్పుడు నువ్వు దేవుడి బిడ్డవి, నోరు అదుపులో పెట్టుకో' అంది. దేవుణ్ణి నమ్మనన్నా. 'అది ఆయనతో తేల్చుకో. ఇంత తిట్టే ఓపికుంటే నీకు చావేంటి?' అని వెళ్ళి, డాక్టర్ని చొక్కా పట్టుకు లాక్కొచ్చి ఆపరేషన్ చేయించింది."

ఫాదర్ చిన్నగా దగ్గారు. "సమ్మతి లేకుండా ఇచ్చిన జ్ఞానస్నానం..."

"చెల్లదని నేనూ ఏటా చెబుతూనే ఉన్నానండీ. వినే మనిషా?"

గుళ్ళో నవ్వులు గొల్లుమన్నాయి. మరియమాత సంఘం ఆడవాళ్ళు కూడా కొంగుల చాటున నవ్వారు.

"ఏటా అదే రోజున ఫోన్. 'గుడికి వెళ్ళావా?' 'లేదు.' ఇక ఇద్దరం తిట్లకి దిగేవాళ్ళం. ఇవాళే మొదటిసారి గుళ్ళో అడుగుపెట్టా. చూశారుగా, పోయి మరీ పంతం నెగ్గించుకుంది," అని ఆయన కూలబడ్డాడు.

సమాధి కార్యక్రమం అయ్యాక అందరూ హాల్లో టీ కోసం చేరారు. ఫాదర్ ముసలాయన్ని ఆదివారం పూజకి రమ్మన్నారు. ఆదివారాలు తను పడుకుంటానని ఆయన ఎంతో మర్యాదగా చెప్పాడు. అధ్యక్షుడు సంఘంలో చేరమంటూ చేయి చాపితే, చెవుడు నటించాడు.

కూతురు ఆయన ఎదురుగా వచ్చి కూర్చుంది.

"కన్నపిల్లలం, మాకు బురద అని తప్ప ఒక్క ముక్క చెప్పలేదు. మీకు మాత్రం ఏటా ఫోన్!" ఏడుపు కంటే ఉక్రోషమే ఎక్కువుంది ఆ గొంతులో.

ఆయన టీ కప్పు కింద పెట్టాడు.

"ఆ వరసలోంచి లేచినవాణ్ణి నేనొక్కణ్ణేనమ్మా. మిగతావాళ్ళకి ఫోన్ చేసే వీల్లేదుగా. ఓసారి విసుగొచ్చి, ఎందుకే ఏటా నా ప్రాణం తీస్తావన్నా. 'నువ్వు తిడితే నాకు ఆ పూట నిద్ర పడుతుందిరా' అంది. నాకూ మధ్యలో ఓసారి గుడికి వెళ్దామా అనిపించింది. వెళ్తే ఇక ఫోన్ మానేస్తుందేమోనని వెళ్ళలేదు."

అమ్మ పోయిన దగ్గర్నుంచి బిగబట్టుకున్న కూతురు అప్పుడు ఏడ్చింది. ఓదార్చడం చేతకాక ఆయన బిస్కెట్ల పళ్ళెం ఆమె వైపు తోశాడు.

అన్నయ్య వచ్చాడు. "పదవే, హాలు ఖాళీ చెయ్యాలట."

"నువ్వు వెళ్ళన్నయ్యా," అని ముసలాయన వైపు తిరిగింది. "ఆ వరసలో ఇంకెవరెవరున్నారు?"

ఆయన తన ఎడమ పక్క మంచం మీద పడున్నవాడితో మొదలుపెట్టాడు. వాడు చచ్చేముందు వేడి టీ అడిగాడట. టెంట్లో వేడినీళ్ళకే కరువట.

"మీ అమ్మ వెళ్ళి పై అధికారుల గుడారంలోంచి కెటిల్‌తో సహా కొట్టేసుకొచ్చింది."

"అమ్మ దొంగతనం చేసిందా!" అంటూ కూతురు కళ్ళు తుడుచుకుని కుర్చీ ముందుకి లాక్కుంది.