పదకొండో ఛానెల్

అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నాక మధ్యలో గోడ లేచింది. బండ్లు నిలుపుకునే చోటు దగ్గర వాళ్లిద్దరికీ మాటా మాటా పెరిగిందే తప్ప, తోడికోడళ్ల మధ్య తగాదా ఏమీ లేదు. మొగుళ్లు పలకరించుకోవడం మానేశారు కాబట్టి వీళ్లూ మానేశారు. మొదట్లో మొహమాటంగా ఉండేది, తర్వాత అదే అలవాటైపోయింది.

పెద్దకోడలు గోడ పక్క గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని పిల్లలకు లెక్కలు చెబుతుంది. బడి వదిలాక మొదలయ్యే ఆ క్లాసు కొన్నాళ్లుగా ఆమె ప్రాణం తీస్తోంది. భిన్నాలు కూడుతూ ఉండగానే తెరమీద పిల్లలు నోళ్లు తెరిచినవాళ్లు తెరిచినట్టే బిగుసుకుపోయేవారు. "టీచర్, మీరు నీళ్లలోంచి మాట్లాడుతున్నట్టుంది" అని ఒకడు నవ్వాడు. ఒక తల్లి ఫోన్ చేసి, ఇలాగైతే వేరే టీచర్ని చూసుకుంటామని మర్యాదగానే చెప్పింది.

"మన రౌటర్ ముసలిదైపోయింది" అని తేల్చి, భర్త నాలుగు యాంటెన్నాలు కొమ్ముల్లా నిక్కిన కొత్తది పట్టుకొచ్చాడు. మర్నాటి నుంచి ఇంకా అధ్వాన్నం.

లెక్కల మనిషి కదా, ఊరుకోలేకపోయింది. చుట్టుపక్కల సిగ్నళ్లను బొమ్మ గీసి చూపించే యాప్ ఒకటి ఫోన్లో వేసుకుంది. తెర నిండా కొండలు లేచాయి, ఒక్కో వైఫైకి ఒక్కో కొండ. ఆరో ఛానెల్లో, అంటే సిగ్నల్ గాల్లో నడిచే ఆరో దారిలో, రెండు పెద్ద కొండలు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. ఒకటి తనది. రెండోది గోడకవతలిది. చిన్నకోడలు ఇంట్లోనే పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంది. అంత పెద్ద వీడియోలనూ పెళ్లివాళ్లకు నెట్‌లో పంపేది సరిగ్గా సాయంత్రమే.

ఎవరింటి వైఫై వాళ్లదే, కుళాయి నీళ్లలాగా, అనుకునేది పెద్దకోడలు. చదివితే తెలిసింది, తీగ మాత్రమే ఎవరిది వాళ్లది. రౌటర్ నుంచి కంప్యూటర్ దాకా మాట గాల్లోనే వెళ్లాలి, గాలి అందరిదీ. ఒక ఛానెల్లో ఒకసారికి ఒక్కరే మాట్లాడాలి. అందుకని ప్రతి పరికరమూ ముందు చెవి ఒగ్గి వింటుంది. ఎవరైనా మాట్లాడుతుంటే ఆగుతుంది, నిశ్శబ్దం కాగానే తన ముక్క చెబుతుంది. ఇద్దరూ ఒక్కసారే మొదలుపెడితే రెండు మాటలూ కలగాపులగమైపోతాయి. అప్పుడు ఎవరికి వారు కాసేపాగి మళ్లీ ప్రయత్నించాలి. నాలుగు కొమ్ముల రౌటర్ ఎందుకు చతికిలబడిందో కూడా అప్పుడర్థమైంది. అది గట్టిగా మాట్లాడడమే కాదు, అవతలి మాటా మరింత బాగా వింటోంది. విన్నకొద్దీ ఆగుతోంది.

అంకెలు పదమూడు దాకా ఉన్నా, ఒకదాని మీద ఒకటి ఒరగకుండా ఉండే ఛానెళ్లు మూడే: ఒకటి, ఆరు, పదకొండు. ఒకటిలో మేడమీద అద్దెకుండే పళ్ల డాక్టరు ఉన్నాడు. పదకొండు ఖాళీ. హమ్మయ్య అనుకుని రౌటర్‌ని అందులోకి మార్చింది.

మర్నాడు క్లాసులో మళ్లీ అదే గోల. చూస్తే పక్కింటి కొండ కూడా పదకొండులో కూర్చుంది! ఒళ్లు మండి మళ్లీ ఆరుకొచ్చింది. తెల్లారేసరికి అవతలిదీ ఆరులోనే ఉంది.

"కావాలనే వెంటపడుతోందా ఈ పిల్ల?" అని పళ్లు కొరుక్కుంది. కాస్త శాంతించాక తట్టింది. ఆమె వీడియోలూ నా వల్లే ఆగుతుంటాయి. తనూ ఇలాగే చూసుకుని, ఇలాగే మారుతోంది. ఇరుకు సందులో ఎదురెదురుగా వచ్చిన ఇద్దరు ఒకే పక్కకు తప్పుకున్నట్టుంది మా పని.

ఫోన్ చేద్దామని నంబరు తీసింది. ఇన్ని నెలల తర్వాత మొదటి మాట ఏమనాలో తోచక పక్కన పెట్టేసింది. కాసేపు ఆలోచించి రౌటర్‌ని పదకొండులో పెట్టి, చుట్టుపక్కల ఫోన్లన్నిట్లో కనిపించే తన వైఫై పేరే మార్చేసింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు: "నేను 11, నువ్వు 6లో ఉండు."

సాయంత్రం క్లాసు ఎక్కడా ఆగలేదు. భిన్నాలు పూర్తయ్యాయి, దశాంశాలు కూడా మొదలయ్యాయి. పిల్లల్ని పంపేసి, ఫోన్లో వైఫైల వరస తెరిచింది. తన పేరు కింద కొత్త పేరొకటి ఉంది: "సరే అక్కా."

ఆ రెండు ముక్కల్నీ చాలాసేపు చూస్తూ కూర్చుంది. మరో పేరు కూడా మారి ఉండడం తర్వాత గమనించి పకపకా నవ్వింది. మేడమీద డాక్టరుగారిది: "నేను 1లోనే ఉంటా."

రెండ్రోజుల తర్వాత పై డాబామీద బట్టలు ఆరేస్తుంటే, పిట్టగోడ అవతల నుంచి చిన్నకోడలు తనే పలకరించింది.

"అక్కా, వారం నుంచీ నిన్ను తిట్టుకోని పూట లేదు."

"నేను మాత్రం ఊరుకున్నానా? పగబట్టి వెంటపడుతున్నావనుకున్నా."

"నాకంత తీరికెక్కడిది! మీరు కొత్త రౌటర్ తెచ్చినప్పట్నించీ ఒక్క వీడియో సరిగ్గా వెళ్తే ఒట్టు."

"అది మీ బావగారి తెలివి. కొమ్ములు ఎక్కువుంటే బలం ఎక్కువనుకున్నారు."

"ఈయన ఆరు కొమ్ములది కొందామంటున్నారు!"

"కొననివ్వకమ్మా తల్లీ, నీకు దణ్ణం పెడతాను."

ఇద్దరూ తడి బట్టలు చేతుల్లో పట్టుకునే నవ్వారు. ఎంతకీ నవ్వు ఆగలేదు.

ఆదివారం భర్త ఫోన్ పట్టుకుని వచ్చాడు. పేరు మారినప్పుడే అతని ఫోన్ వైఫై నుంచి ఊడిపోయినా, అది అతని కంటపడింది ఇవాళే.

"మనది పేరు మార్చావా?"

"మార్చాను."

"ఈ 'సరే అక్కా' ఎవరు?"

"నన్ను అక్కా అని ఎవరు పిలుస్తారండీ?"

అతను గోడ వైపు చూశాడు. ఫోన్‌ని అటూ ఇటూ తిప్పాడు.

"వాడింట్లో సిగ్నల్ సరిగ్గా వస్తోందా?"

"వస్తోంది. మీ కొమ్ముల రౌటర్ కొన్నప్పుడు వాళ్ల పని ఆగిపోయిందట."

"నాకేం తెలుసు ఆ సంగతి?" అన్నాడు తప్పు పట్టినవాళ్లెవరూ లేకపోయినా. "ఆ పాస్‌వర్డ్ ఏదో నువ్వే కొట్టు" అని ఫోన్ ఆమె చేతిలో పెట్టాడు.