గోరువెచ్చన

మా తమ్ముడు రాడార్ స్టేషన్‌లో పనిచేసేవాడు. యంత్రం నుంచి యాంటెన్నాకు మైక్రోవేవ్ శక్తిని మోసే లావుపాటి కోయాక్సియల్ గొట్టం వాడి బాధ్యత. గొట్టం నడుమ రాగి కడ్డీ, దాన్ని నిలబెట్టే తెల్లటి టెఫ్లాన్ బిళ్లలు. మూడో జాయింటు దగ్గర వేడి కొలిచే మీటరు పాడైంది. కొత్తది వచ్చేదాకా చేత్తో తాకి రిజిస్టరులో రాయమన్నారు.

"అక్కా, గడి సన్నంగా ఉంది. ఒక్క మాటలో చెప్పు. కాలదు, అలాగని చల్లగానూ లేదు."

"గోరువెచ్చన," అన్నాను, పిల్లల నోటుపుస్తకాలు దిద్దుతూ. తల కూడా ఎత్తలేదు.

మొదటి వారమే ఇన్‌చార్జి ఎగతాళి చేశాడట. "ఏమయ్యా, రోజూ గోరువెచ్చనేనా? గొట్టాన్ని చూస్తున్నావా, పసిబిడ్డకు నీళ్లు కాస్తున్నావా?"

"టీచరు పని చేసే మా అక్క ఇచ్చిన మాటండీ. తప్పుండదు."

నెల దాటాక ఒక సాయంత్రం టీ ఇచ్చాను. నేను గుడ్డతో పట్టుకొచ్చిన గ్లాసును వాడు వట్టి చేత్తో అందుకొని కబుర్లు చెబుతూ కూర్చున్నాడు.

"కాలడం లేదురా?"

"లేదే. గోరువెచ్చగా ఉంది."

"నీ చేతికి సిగ్గు పోయింది," అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వాక నాకు ఆ జాయింటు గుర్తొచ్చింది. అడిగాను.

"బయటికి తెలిసేది కొంచెమే అక్కా. కడ్డీ వేడి బిళ్ల దాటి రావాలి కదా. లోపల ఎంతుందో దేవుడికెరుక."

"మరి ఆపి, విప్పి చూడండి."

"ఆపాలంటే పైనుంచి ఉత్తర్వు రావాలి. రిజిస్టరులో గోరువెచ్చన అని ఉంటే ఎవరిస్తారు?"

"అయితే రేపు వేరే మాట రాయి."

"రాస్తాలే."

మర్నాడు పదిన్నరకు, వాడు అరచెయ్యి ఆనించి ఉండగా, ఆ జాయింటు పేలింది. లోపలి బిళ్ల ఎప్పుడో మాడిపోయిందని తర్వాత చెప్పారు.

నెల తర్వాత వాడి సామాను తెచ్చుకోవడానికి వెళ్లాను. ఇన్‌చార్జి అడక్కుండానే రిజిస్టరు నా ముందు పెట్టాడు. నలభై ఒక్క గళ్లలో వాడి చేతిరాత, ఒకే మాట. ఆఖరి రోజూ అదే. జాయింటు దగ్గరికి వెళ్లకముందే రాసిపెట్టి వెళ్లాడు. కొమ్ము సాగదీసి రాయడం చిన్నప్పుడు నేనెంత దిద్దినా మానలేదు.

దాని కింద గీత గీసి, కొత్త జాయింటు బిగించినట్టు రాశారు. మీటరు ఇంకా రాలేదు. ఆ కింద వేరే చేతిరాత. పదకొండు రోజులు. పదకొండు గళ్లలోనూ నా మాటే.

"ఇది రాస్తున్నదెవరు?" అని అడిగాను.

ఇన్‌చార్జి గొట్టం వైపు చూశాడు. అక్కడ కొత్త టెక్నీషియన్ నిలబడి ఉంది, అరచెయ్యి ఆనించి, పక్కనున్నవాళ్లతో తీరిగ్గా కబుర్లు చెబుతూ.