చిన్నకోడలి గుమ్మడిపాదు

పెద్దకోడలు ఇంట్లోనే బట్టలు కుడుతుంది. పన్నెండేళ్ళుగా పెరట్లో కూరగాయలు కూడా పండిస్తోంది. వంకాయ పుచ్చినా, బెండకు పురుగు పట్టినా వీధిలో అందరూ ఆమెనే అడిగేవారు. ఆ పేరంటే ఆమెకు ప్రాణం.

మందుల షాపులో పనిచేసే తోడికోడలు అంతకుముందు మట్టి ముట్టి ఎరగదు. ఆ ఏడు కూరకు తరిగిన గుమ్మడికాయలోంచి నాలుగు గింజలు తీసి పెరట్లో తన వైపు గుచ్చింది. నెలన్నర తిరిగేసరికి పాదు ఇద్దరి మధ్య కంచె మీదుగా బట్టలుతికే బండ దాకా పాకింది. ఒక్కో ఆకు చేటంత. అదే వారం, కంచెకు ఇవతల పెద్దకోడలు పెంచిన గుమ్మడితీగ బూడిద తెగులు తగిలి ముడుచుకుపోయింది.

"చిన్నదాని హస్తవాసి మంచిది," అంది అత్తగారు, అందరూ వినేలా.

పెద్దకోడలికి ఒళ్ళు మండిపోయింది. ఏకులా వచ్చి మేకై కూర్చుందనుకుంది.

కొన్నాళ్ళకు తోడికోడలు దిగాలుగా వచ్చింది.

"అక్కా, పువ్వులేమో విరగబూస్తున్నాయి. పిందెలు మాత్రం వేలెడైనా కాకముందే రాలిపోతున్నాయి. ఏం చెయ్యమంటావ్?"

పెద్దకోడలికి తెలుసు. పెరట్లోకి తేనెటీగలు రావడం తగ్గింది. పొద్దున్నే మగపువ్వు తెంపి, అడుగున పిందె ఉన్న ఆడపువ్వులో దాని పుప్పొడి అద్దితే చాలు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"నీళ్ళు చాలట్లేదేమో. రెండు పూటలా బాగా పొయ్యి."

తోడికోడలు నమ్మింది. బిందెలకు బిందెలు మోసింది. నాలుగు రోజుల్లో పాదు మొదలు దగ్గర నీళ్ళు నిలిచి ఆకులు పచ్చబడ్డాయి. అది చూసి మొదట పెద్దకోడలి కడుపు చల్లబడింది. తర్వాత అటు చూడలేకపోయింది. ఎవరిదైతేనేం, అంత మంచి పాదు!

మర్నాడు తెల్లవారుతుండగా కంచె దాటింది. చిన్న కాలువ తీసి నిలిచిన నీళ్ళు వదిలేసింది. మూడు ఆడపువ్వులకు పుప్పొడి అద్ది, ఎవరూ లేవకముందే వచ్చేసింది.

మూడూ నిలిచాయి. రెండు నెలలకు బిందెల్లా కూర్చున్నాయి. వీధివీధంతా చూడ్డానికొచ్చింది. విత్తనాలు కావాలని చిన్నకోడలినే అడిగింది. పెద్దకోడలు మిషన్ తొక్కుతూ పళ్ళు నూరుకుంది. ఆ కాయలు తనవి! కానీ ఏమని చెప్పుకుంటుంది?

"అక్కా, నువ్వు చెప్పినట్టే చేశా," అంది తోడికోడలు సంబరంగా. "పక్కింటావిడ పాదుకీ పిందెలు రాలిపోతున్నాయట. రెండు పూటలా బాగా నీళ్ళు పొయ్యమన్నా."

పెద్దకోడలి కాలు ఆగింది.

"పొయ్యొద్దని చెప్పు. కుళ్ళిపోతుంది." పువ్వుల సంగతి, తెల్లవారుజామున తను చేసింది, అంతా చెప్పింది.

తోడికోడలు అక్కడే చతికిలపడింది.

"మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

"ఓర్వలేక."

తోడికోడలు లేచి వెళ్ళిపోయింది. వారం రోజులు పలకరింపు లేదు. ఎనిమిదో రోజు పొద్దున్నే కంచె దగ్గరికొచ్చి నిలబడింది.

"పక్కింటావిడ చేత ఆ రోజే నీళ్ళు మాన్పించా. ఇప్పుడు అక్కడికే వెళ్తున్నా. ఏది మగపువ్వో, ఏది ఆడపువ్వో నాకు తెలీదు. వచ్చి చూపించు."

పెద్దకోడలు చీపురు పక్కన పడేసి బయల్దేరింది. దారిలో ఆ మూడు కాయల పక్కన నాలుగో పిందె కనిపించింది. ఎవరూ చెయ్యి పెట్టకుండానే నిలిచినది. ఆమెకు మళ్ళీ చురుక్కుమంది.