నాలో దాక్కున్న గుర్రపు వెంట్రుక

నేను ఒక కుంచెను. వెదురు కాడ, తెల్లని మేక వెంట్రుకల మొన. మా చిత్రకారుడు గూ వెన్‌పింగ్‌కు ఆ శుభవార్త వచ్చినప్పుడు నేను నీళ్ళగిన్నెలో తలకిందులుగా మునిగి పొద్దుటి స్నానం చేస్తున్నాను. నగరంలోని పెద్ద చిత్రశాల వాళ్ళు ఫోన్ చేశారు. శరదృతువులో హాలంతా ఆయన బొమ్మలకే ఇస్తారట. ఎదురుగోడకు మాత్రం కొత్తగా పన్నెండడుగుల కొండ బొమ్మ కావాలట.

ఆయన భార్య యూలాన్ చేతిలో గరిటెతోనే ఆయన్ని వాటేసుకుంది. ఇరవై నాలుగేళ్ళ కాపురం. అయినా నిన్న పెళ్ళయినవాళ్ళలా వంటింట్లో గిరగిరా తిరిగారు. ఆ సంబరంలో మధ్యాహ్నం దాకా నన్ను నీళ్ళలోంచి తియ్యడమే మరిచారు. మనుషులింతే. సంతోషం ఎవరి పుణ్యమో, ముందు వాళ్ళనే మరిచిపోతారు.

అంతా నా పుణ్యమే అనడం లేదు. అందులో సగం ఒక పొరపాటుది.

నేను పుట్టింది తూర్పు చైనాలో హూఝౌ దగ్గర, కుంచెలు కట్టే ఊళ్ళో. అక్కడ ఆడవాళ్ళు నీళ్ళ తొట్టెల ముందు వరుసగా కూర్చుని, తడి వెంట్రుకలను దువ్వుతూ, మొద్దుమొన ఉన్నదాన్ని ఒక్కొక్కటిగా ఏరి పారేస్తారు. యూలాన్ చేతిలో తప్పు దొర్లదని ఊరంతా పేరు. ఆ రోజు మాత్రం గుమ్మంలో ఒక పొడుగాటి కుర్రవాడు నిలబడ్డాడు. ఫ్లాస్కుల మీద ఎర్రపూలు వేసే ఫ్యాక్టరీ ఉద్యోగి. మంచి కుంచె కోసం బస్సెక్కి వచ్చాడు. యూలాన్ తలెత్తింది. ఎత్తిన తల దించలేదు. చూడకుండానే పనిచేస్తున్న ఆ వేళ్ళకు పక్కామె తొట్టెలోని నల్లని గుర్రపు వెంట్రుక ఒకటి అంటుకుని, నాలోకి వచ్చి కూర్చుంది.

అతను నన్ను కొన్నాడు. తర్వాత కాడ వదులైందంటూ మూడుసార్లు ఆ ఊరు వచ్చాడు. నా కాడ ఎప్పుడూ వదులు కాలేదు. నాలుగోసారి పెళ్ళి మాట ఎత్తాడు.

మొదట్లో నేనంటే ఆయనకు చిరాకు. ఆ బిరుసు గుర్రపు వెంట్రుక మిగతావాటితో కలవక పక్కకు నిలిచేది, అందుకే నాతో ఏ గీత గీసినా పక్కనే ఇంకో సన్నగీత పడేది. తన చెయ్యే వణుకుతోందనుకుని కాగితాలు చింపేసేవాడు. ఒకరోజు వాన వెలిశాక నది ఒడ్డున కూర్చుని కొండ అంచు గీశాడు. పక్కన ఆ సన్నగీత పడింది. అంతే, కొండ మీంచి మంచు అప్పుడే విడిపోతున్నట్టయింది! ఆయన ఊపిరి బిగబట్టాడు. నేనూ బిగబట్టాను.

ఆ తర్వాత ఆయన వెయ్యడం తగ్గిస్తూ పోయాడు. నలభై కొండలు నాలుగయ్యాయి. నాలుగు ఒక్కటయింది. చివరికి ఒక్క కొండకు ఒక్క అంచు, మిగతాదంతా తెల్లకాగితం. ఆ తెలుపులో నది పారుతోందని, అవతలి ఒడ్డు నుంచి ఎవరో పిలుస్తున్నారని చూసినవాళ్ళు చెప్పేవారు. సిరా చుక్కైనా పడని చోట! ఆయన చేతిలోనే ఉండి కూడా అదెలా జరిగేదో నాకు ఈనాటికీ తెలియదు. ఆ సన్నగీతకు పండితులు 'కొండ ఊపిరి' అని పేరు పెట్టారు. ఒకాయన అందులో వెయ్యేళ్ళ తత్వం చూశాడు. నాకు మాత్రం గుర్రం తోకే కనిపించేది.

ఇక ఆ మధ్యాహ్నం సంగతి. అంతసేపు నానడంతో నా మొనలోని జిగురు మెత్తబడింది. ఆయన నన్ను తుడుస్తుంటే నల్ల వెంట్రుక ఊడి వేలికి అంటుకుంది. సిరాలో ముంచి గీశాడు. ఒకటే గీత. మళ్ళీ గీశాడు. ఒకటే.

"యూలాన్, చిత్రశాల వాళ్ళకు రానని చెప్పెయ్," అన్నాడు కూలబడి. "ఇన్నాళ్ళూ గీసింది నేను కాదు."

యూలాన్ ఆ వెంట్రుకను కిటికీ దగ్గర ఎత్తి చూసింది. ముఖం ఎర్రబడింది. "ఇది గుర్రానిది. మేకల్లోకి ఎలా వచ్చిందీ?"

"తప్పు దొర్లని చెయ్యి కదా, నువ్వే చెప్పాలి!"

"నువ్వు గుమ్మంలో కొయ్యబొమ్మలా నిలబడితే నా వేళ్ళేం చేస్తాయి?" అందామె. "అయినా ఈ వెంట్రుక ఉన్న కుంచె ఇంకొకడికి దొరికుంటే విసిరి పారేసేవాడు. దాని పక్కన అంత తెలుపు వదిలే ధైర్యం ఎవరిది? గుర్రానిదా?"

ఆయన పకపకా నవ్వాడు. "ఇంకో కుంచె కడతావా, ఇలాంటిదే?"

"కడతాను. కావాలని తప్పు చెయ్యమంటే మాత్రం వేళ్ళు ఒప్పుకోవు."

"నువ్వేం చెయ్యక్కర్లేదు." ఆయన నన్ను శుభ్రంగా తుడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "రేపు పొద్దున మొదటి బస్సుకు మీ ఊరు వెళదాం. మన పెళ్ళిపెద్ద కూడా వస్తుంది. పక్క తొట్టెలో గుర్రపు వెంట్రుకలు నానబెట్టించు. నువ్వు నీ పని చేసుకో. నేను గుమ్మంలో నిలబడతాను."