డెబోరా తీసిన పెంగ్విన్లు

ఎవరు ఏ దేశం చూసి వచ్చినా, గోదావరిఖని బొగ్గుగని క్వార్టర్లలో ముందుగా అడిగేది ఫొటోలనే. దక్షిణాఫ్రికా యాత్ర ముగించుకుని వచ్చిన దయాసాగర్, డెబోరా దంపతుల ఇంటికి పక్కింటి అక్బరీ బేగం అందుకే వచ్చింది. చాయ్ తాగుతూ ఫోనులో ఒక్కొక్క ఫొటో జరిపింది.

"డెబోరక్కా, అన్న యాడ? అన్నీ పెంగ్విన్లే ఉన్నయి!"

"నేనడిగేది గూడ గదే చెల్లె," అన్నాడు దయాసాగర్. "సముద్రం దాకా తోల్కపోతే నన్నొక్క ఫొటో దియ్యలే."

"నువ్వు కదలకుంట నిలబడితే గద! అవి బుద్ధిగ నిలబడ్డయి," అని నవ్వింది డెబోరా.

ఆ ఫొటోలతో ఫోను నిండిపోయింది, కొత్తవి తీయడానికి చోటు లేదు. మర్నాడు మనవరాలి బాప్తిస్మం. మనుషులు లేని ఫొటో వట్టిదన్న నమ్మకం మన ఇళ్లలో బలంగా ఉంది. ఆ నమ్మకంతోనే దయాసాగర్ పెంగ్విన్లన్నిటినీ చెరిపివేయబోయాడు. డెబోరా నవ్వు ఆగిపోయింది. చలిగాలికి వణుకుతూ, యాత్రికుల కోసం వేసిన చెక్కబాట దిగకుండా, ఎంతో ఓపికగా తీసిన ఫొటోలవి. తన కోసమని ఆమె చేసుకున్న పని అదొక్కటే.

"ఆగు డాడీ!" అంటూ కూతురు కెరోలిన్ ఫోను లాక్కుంది. ఆమె డిగ్రీ కళాశాలలో జంతుశాస్త్రం బోధిస్తుంది. ఆఫ్రికా తీరంలో బతికే ఆ జాతి పెంగ్విన్లలో ఒకదాని రొమ్ము మీది మచ్చలు మరొకదానికి ఉండవని చెప్పింది. ఆ జాతి నానాటికీ తరిగిపోతోంది. పరిశోధకులు కొద్దిమంది, తీరమేమో పొడవైనది. యాత్రికుల ఫొటోల్లోని మచ్చలను, తేదీని, స్థలాన్ని కలిపి చూస్తే ఏ పక్షి బతికి ఉందో, ఎక్కడికి మారిందో తెలుస్తుంది. తల్లి సరేననగానే ఆ ఫొటోలను అక్కడి పరిశోధక బృందానికి పంపింది.

కొన్ని వారాలకు జవాబు వచ్చింది. ఎంతోకాలంగా కనబడక, చనిపోయిందని వాళ్లు అనుకున్న ఆడ పెంగ్విన్ ఒకటి డెబోరా ఫొటోలో పిల్లతో సహా నిలబడి ఉందట!

దయాసాగర్ గనిలోకి దిగేవాళ్లకు దీపాలిచ్చి, తిరిగి లెక్కపెట్టి తీసుకునే ల్యాంపు రూములో పనిచేసినవాడు. షిఫ్టు ముగిశాక ఒక్క దీపం తిరిగి రాకపోయినా, దాన్ని తీసుకున్న మనిషి పైకి వచ్చేదాకా గని మొత్తం ఎట్లా ఎదురుచూస్తుందో ఎరిగినవాడు.

"అంటే పైకొచ్చిందన్నట్టే!" అని అరిచాడు. "డెబోరా, నీ పిట్ట పానంతోని పైకొచ్చిందే!"

"మరి ఫొటోల నువ్వు లేకపోతివి, ఫికర్ లేదా అన్నా?" అని ఆ కేక విని వచ్చిన అక్బరీ బేగం ఆటపట్టించింది.

"నేనుంటే దానికి అడ్డమొస్తుంటి చెల్లె!"

ఇల్లంతా నవ్వులు.

ఆ ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేలును నలుగురి ముందు సాక్ష్యంగా చెప్పే వేళ, ఎన్నడూ నోరు విప్పని డెబోరా లేచింది.

"యాడికన్న పోతే జీవాల దగ్గరికి ఉరకకుండ్రి, దూరం నుంచే ఫొటో తియ్యుండ్రి," అన్నది. "ఇంట్ల దాసుకుంటే అది మన ముచ్చటే. తేదీ, జాగ చెప్పి పరిశోధన చేసేటోళ్లకు పంపితే, ఒక పానానికి మనం సాక్ష్యం చెప్పినట్టు."